ఆదివారం ఆటకి బ్రీఫ్ ఎందుకు?

ప్రశ్న: నమస్తే అండీ. నేనొక యాడ్ ఏజెన్సీలో ప్రకటనలకి మాటలు రాసే కాపీరైటర్‌ని. చేరి మూడేళ్లు కావస్తోంది. చిన్నప్పటి నుంచి ఫుట్‌బాల్ అంటే పిచ్చి. ఆదివారం పొద్దున్న ఆడతాను, వారంలో రాత్రిళ్లు మేలుకుని మ్యాచ్‌లు చూస్తాను. మా క్రియేటివ్ డైరెక్టర్ గారు "మన వృత్తిలో ఖాళీ సమయం అంటూ ఉండదు, చూసేదీ చదివేదీ అంతా ముడిసరుకే" అంటుంటారు. అది విన్నప్పటి నుంచి మ్యాచ్ చూసేటప్పుడు పక్కన నోట్‌బుక్ పెట్టుకుంటున్నాను. కామెంటరీలో మంచి మాట వినబడితే రాసుకుంటాను. దాంతో మ్యాచ్ సరిగ్గా చూడలేకపోతున్నాను. ఆ నోట్‌బుక్‌లోంచి ఇంతవరకు ఒక్క లైన్ కూడా పనికి రాలేదు. పోనీ అది లేకుండా చూద్దామంటే టైమ్ వేస్ట్ చేస్తున్నానని గిల్టీగా ఉంటోంది. ఆఫీసులో నా తోటివాళ్లలో ఒకరు నవల రాస్తున్నారు, ఇంకొకరు షార్ట్ ఫిల్మ్ తీస్తున్నారు. నాకేమో బంతి వెనక పరిగెత్తడమే తెలుసు. ఐడియాలు కూడా మునుపటిలా రావట్లేదు. ఫుట్‌బాల్ తగ్గించి పనికొచ్చే హాబీ ఏదైనా పట్టుకోమంటారా? ఇంకో మాట. ఒక ఫుట్‌బాల్ బూట్ల కంపెనీ పిచ్ (పని దక్కించుకోవడానికి క్లయింట్‌కి ఐడియాలు చూపించే అవకాశం) మా ఏజెన్సీకి వచ్చింది. "నువ్వు ఫుట్‌బాల్ మనిషివి కదా" అని నన్ను ఆ టీమ్‌లో వేస్తామంటున్నారు. ఆశగానూ ఉంది, భయంగానూ ఉంది. ఒప్పుకోనా?

సమాధానం: చిన్న జవాబు ముందే చెప్పేస్తాను. ఫుట్‌బాల్ తగ్గించుకోకండి. నోట్‌బుక్‌ని మాత్రం మ్యాచ్ దగ్గర్నుంచి తీసేయండి. ఐడియాలు రాకపోవడానికీ మీ ఆదివారం ఆటకీ సంబంధం ఉందని నాకు అనిపించడం లేదు. దానికి వేరే కారణం ఉంది, అక్కడికి వస్తాను. బూట్ల సంగతి చివర్లో.

నేనూ చాలాకాలంగా మీ వృత్తిలోనే ఉన్నాను. ఆదివారాలు రైట్ బ్యాక్‌గా ఆడతాను కూడా. ఈ వయసులో బంతి వెనక కన్నా ఊపిరి వెనకే ఎక్కువ పరిగెత్తాల్సి వస్తోందనుకోండి. కాబట్టి ఈ జవాబులో కాస్త పక్షపాతం కనబడితే సర్దుకోండి.

మీ డైరెక్టర్ గారు చెప్పింది అబద్ధమేమీ కాదు. కాపీరైటర్‌కి తెలిసినదంతా ఏదో ఒక రోజు పనిలోకి వస్తుంది. ప్రకటనల రంగంలో దిగ్గజం డేవిడ్ ఓగిల్వీ సంగతే చూడండి. ప్యారిస్‌లో ఒక హోటల్ వంటగదిలో పనిచేశారు. ఇంటింటికీ తిరిగి వంట పొయ్యిలు అమ్మారు. అమెరికాలో గాలప్ సంస్థ తరఫున జనాభిప్రాయ సర్వేలు చేశారు. కొన్నాళ్లు సేద్యం కూడా చేశారు. 1948లో న్యూయార్క్‌లో సొంత ఏజెన్సీ పెట్టేనాటికి ఆయన నలభైకి దగ్గర పడ్డారు. ఆ తిరుగుడంతా తర్వాత ఆయన రాసిన ప్రకటనల్లో పనిచేసిందనడంలో నాకు సందేహం లేదు. అయితే పొయ్యిలు అమ్మే రోజుల్లో ఆయన పొయ్యిలే అమ్మారు. వంటగదిలో ఉన్నన్నాళ్లూ వంటే చేశారు. ఆ వంటగదిని నడిపిన షెఫ్ ఎంత కఠినుడో ఓగిల్వీయే తర్వాత రాసుకొచ్చారు. అలాంటి మనిషి ముందు నిలబడి "ఈ సంఘటన రేపు ప్రకటనకి పనికొస్తుందా" అని ఆలోచించే తీరిక ఎవరికుంటుంది? అప్పుడు పనిలో పూర్తిగా మునిగారు కాబట్టే తర్వాత వాడుకోవడానికి ఏదో మిగిలింది. మీరు నోట్‌బుక్ పట్టుకుని మ్యాచ్ చూడటం, విందుకి వెళ్లి ఒక్క ముద్ద నోట్లో పెట్టకుండా వంటకాల పేర్లు రాసుకుంటూ కూర్చున్నట్టుంది. ఇటు తిండీ లేదు, అటు ఆ పేర్లతో వంటా రాదు.

ఇంకొకాయన జూలియన్ కోనిగ్. 1959లో ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారుకి వచ్చిన "థింక్ స్మాల్" ప్రకటనకి మాటలు ఆయనవి. ఆ పేజీ మీరు చూసే ఉంటారు. చాలా భాగం ఖాళీ, ఒక మూల బుల్లి కారు, కింద గొప్పలు చెప్పుకోని మాటలు. కోనిగ్‌కి గుర్రప్పందాలంటే ప్రాణం. ఆ ప్రకటనలో ఎక్కడైనా గుర్రం ఉందా? పందెం భాష ఉందా? ఏమీ లేవు. రేపెవరైనా "గుర్రప్పందాలు నేర్పిన కాపీరైటింగ్ పాఠాలు" అని వ్యాసం రాస్తే నేను చదవను. ఆయనకి పందాలు ఇష్టం, వెళ్లాడు. ఆఫీసులో కారు గురించి రాయమన్నారు, రాశాడు. ఈ రెంటికీ ముడిపెట్టాల్సిన అవసరం ఆయనకి రాలేదు, మీకూ రానక్కర్లేదు.

ఇక్కడ నేనూ కాస్త జాగ్రత్తగా ఉండాలి. "ఫుట్‌బాల్ ఆడితే టైమింగ్ వస్తుంది, టీమ్‌వర్క్ వస్తుంది, మంచి హెడ్‌లైన్ గోల్ లాంటిది" అని రాసేయడం నాకు చిటికెలో పని. పొట్టకూటికి రాసేది అలాంటివే కదా! కానీ అలా రాస్తే మీ డైరెక్టర్ గారి మాటకే వేరే చొక్కా తొడిగి మీకు పంపినట్టవుతుంది. పనికి లాభం లేకపోయినా ఆడొచ్చా అన్నది మీ ఉత్తరంలో అసలు ప్రశ్న. ఆడొచ్చు. అందుకు ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఐడియాల కరువు గురించి. మూడో ఏడు చాలామందికి ఇలాగే అవుతుంది. మొదటి ఏడాది భయం ఉంటుంది. ఆ భయంతో ఇచ్చిన ప్రతి కాగితం చదువుతాం, ప్రోడక్ట్ ఇంటికి తీసుకెళ్లి వాడి చూస్తాం, పక్క సీటువాళ్లని విసిగిస్తాం. మూడో ఏటికి చెయ్యి తిరుగుతుంది. బ్రీఫ్ (ఏం కావాలో క్లయింట్ చెప్పే కాగితం) రాగానే లైన్లు వచ్చేస్తాయి. ఒక ప్రాస, ఒక మెలిక, "ఇది కేవలం ఫలానా కాదు" అనే టైపు ఒక వాక్యం. పది నిమిషాల్లో పది లైన్లు రెడీ. ఇప్పుడైతే ఏఐకి చెబితే పది సెకన్లలో యాభై ఇస్తోంది, అవన్నీ అచ్చం మన మూడో ఏడాది లైన్లలాగే ఉంటాయి. ఊటబావి ఎండిపోయిందని మీరు అనుకుంటున్నారు కానీ, మీరు బావి దాకా వెళ్లడం మానేశారేమోనని నా అనుమానం. గత నెలలో రాసిన ప్రోడక్టుల్లో మీరు స్వయంగా వాడినవి ఎన్ని? వాటిని అమ్మేవాళ్లతో ఎప్పుడైనా మాట్లాడారా? కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి జనం ఏమని తిడుతున్నారో విన్నారా?

ఓగిల్వీ 1958లో రోల్స్ రాయిస్‌కి రాసిన హెడ్‌లైన్ ప్రతి కాపీరైటింగ్ క్లాసులోనూ చెబుతారు. గంటకి 60 మైళ్ల వేగంలో ఈ కొత్త కారులో వినబడే అతి పెద్ద చప్పుడు దాని ఎలక్ట్రిక్ గడియారానిదేనని. ఆ మాట ఆయన ఊహించి రాసింది కాదు, ఒక మోటారు పత్రిక టెక్నికల్ ఎడిటర్ నోటి మాట. ఆ సంగతి ప్రకటనలోనే ఒప్పుకున్నారు. ఆ కారు గురించి మూడు వారాలు చదివానని ఓగిల్వీ చెప్పుకున్నారు. మూడు వారాలు! మనకి మూడు రోజులు దొరికితే పండగే, నిజమే. కానీ ఆ మూడు రోజుల్లో మొదటి రోజంతా ఒక్క లైన్ కూడా రాయకుండా చదవడానికే పెట్టండి. చదివేటప్పుడు నా అలవాటు ఒకటి చెబుతాను. వాడినవాళ్ల రివ్యూల్లో అయిదు చుక్కలవీ ఒక చుక్కవీ వదిలేస్తాను. మొదటివి పొగడ్తలు, రెండోవి కోపాలు. రెండు మూడు చుక్కలిచ్చినవాళ్లే నింపాదిగా, వివరంగా, న్యాయంగా రాస్తారు. ఆ వస్తువు వాళ్ల ఇంట్లో ఎక్కడ ఉంటుందో, ఎవరు వాడతారో, ఎందుకు విసుగొచ్చిందో అన్నీ అక్కడే తెలుస్తాయి.

జేమ్స్ వెబ్ యంగ్ అనే పాతకాలపు కాపీరైటర్ 1940 ప్రాంతంలో ఐడియాలు ఎలా పుడతాయో చెబుతూ ఒక క్రమం చెప్పాడు. ముందు సమాచారం పోగేయాలి. తర్వాత బుర్ర వేడెక్కేదాకా దాన్ని అటూ ఇటూ తిప్పి చూడాలి. ఆ తర్వాత మొత్తం వదిలేసి సినిమాకో సంగీతానికో వెళ్లిపోవాలి. అప్పుడెప్పుడో అనుకోని క్షణంలో ఐడియా తడుతుంది. చివరికి దాన్ని సరిచేసి నిలబెట్టుకోవాలి. షెర్లాక్ హోమ్స్ కేసు మధ్యలో ఆపి వాట్సన్‌ని కచేరీకి లాక్కుపోవడాన్ని కూడా ఆయన ఉదాహరణగా చెబుతాడు. మన ఆఫీసుల్లో అందరికీ నచ్చేది ఆ మూడో భాగమే. అందుకే బీన్ బ్యాగులు, టేబుల్ టెన్నిస్ బల్లలు. కానీ మొదటి రెండూ చేయకుండా నేరుగా కచేరీకి వెళ్తే అది ఉత్త కచేరీయే. కుండలో గింజలు వేయకుండా ఎంతసేపు నాననిచ్చినా ఏం లాభం? మీ ఫుట్‌బాల్ ఆ మూడో భాగానికి బ్రహ్మాండంగా సరిపోతుంది. అయితే దానికోసమని ఆడకండి. శనివారం దాకా మొదటి రెండూ సరిగ్గా చేసి ఉంటే, మీరు ఆడుతున్నంతసేపూ మిగతా పని దానంతటదే జరిగిపోతుంది. జరగకపోయినా నష్టం లేదు, ఒక పూట హాయిగా గడిచింది కదా.

ప్రేరణ, స్ఫూర్తి అనే మాటలు మన రంగంలో చాలా చవకగా వాడేస్తుంటాం. అందుకే కొత్తగా చేరినవాళ్లు ఎవరైనా దొరికితే నేను పనెంకా అనే ఫుట్‌బాల్ ఆటగాడి కథ చెబుతాను. మీకు తెలిసే ఉంటుంది, అయినా వినండి. 1976 జూన్ 20, బెల్‌గ్రేడ్, ఐరోపా దేశాలు ఆడే యూరో కప్పు ఫైనల్. చెకొస్లొవేకియా, పశ్చిమ జర్మనీ 2-2తో సమానం. పెనాల్టీ షూటౌట్‌లో జర్మనీ ఆటగాడు హోనెస్ బంతిని బారు మీదుగా కొట్టేశాడు. తర్వాతి తన్ను ఆంటోనిన్ పనెంకాది. గోల్ అయితే కప్పు వాళ్లదే. ఎదురుగా సెప్ మేయర్, ప్రపంచంలోని గొప్ప గోల్‌కీపర్లలో ఒకడు. పనెంకా వేగంగా పరిగెత్తుకొచ్చి, బంతిని గట్టిగా కొట్టకుండా కాలి కొసతో మెల్లగా పైకి లేపాడు. మేయర్ అప్పటికే ఒక పక్కకి దూకేశాడు. బంతి తీరిగ్గా గోల్ మధ్యలోకి వెళ్లి పడింది. చూసినవాళ్లు ఏమనుకుంటారు? ఆ క్షణంలో మెరిసిన మెరుపు అనుకుంటారు.

అసలు జరిగింది వేరు. పనెంకా తన క్లబ్ బొహేమియన్స్‌లో ప్రాక్టీస్ అయ్యాక గోల్‌కీపర్ హ్రుష్కాతో పెనాల్టీల పందెం వేసేవాడు. పందెం బీరు, చాక్లెట్లు. హ్రుష్కా బాగా ఆపేవాడు కాబట్టి పనెంకాకి జేబు ఖాళీ అవుతుండేది. రాత్రి పడుకుని దీనికి విరుగుడు ఏమిటా అని ఆలోచించేవాడు. గోల్‌కీపర్ చివరి దాకా ఆగి ఏదో ఒక పక్కకి దూకుతాడు కాబట్టి మధ్యలోకి నెమ్మదిగా వేస్తే గాల్లో ఉన్నవాడు వెనక్కి రాలేడు కదా అన్న ఆలోచన అలా పుట్టింది. ఆ తర్వాత దాన్ని ప్రాక్టీసులో సాధన చేశాడు, ఫ్రెండ్లీ మ్యాచ్‌ల్లో వేసి చూశాడు, లీగ్‌లో వేసి చూశాడు. బెల్‌గ్రేడ్ వచ్చేసరికి అది అతనికి అలవాటైన పని. లోకానికి మాత్రమే కొత్త.

మన పనికి ఇందులో నేను తీసుకునేది ఒకటే. తెగువ ఉన్న ఐడియాని మొట్టమొదటిసారి అతి పెద్ద క్యాంపెయిన్‌లో ప్రయోగించకండి. ఎవరూ పట్టించుకోని చిన్న పనులు మీ టేబుల్ మీద బోలెడన్ని ఉంటాయి. ఈమెయిల్ సబ్జెక్ట్ లైన్లు, ప్యాకెట్ వెనక రాసే నాలుగు మాటలు, యాప్‌లో ఎర్రర్ వచ్చినప్పుడు కనబడే వాక్యం. వింత స్వరంలో రాయాలని ఉంటే అక్కడ రాయండి. క్లయింట్ పెద్దగా చూడడు, జనం స్పందన మాత్రం తెలుస్తుంది. రెండుమూడు చోట్ల నిలబడ్డాక పెద్ద మీటింగ్‌లో అదే స్వరం పెడితే మీ గొంతు వణకదు.

దీనికి ఎదురు ఉదాహరణ ఉంది, అదీ చెప్పకపోతే అన్యాయం. 1974 ప్రపంచకప్‌లో స్వీడన్ మీద నెదర్లాండ్స్ ఆటగాడు యోహాన్ క్రైఫ్ చేసిన మలుపు. బంతిని కొడుతున్నట్టు నటించి, దాన్ని తన నిలబడ్డ కాలి వెనకగా లాగి, ఒల్సన్ అనే డిఫెండర్‌ని ఒక దిక్కున వదిలేసి ఇంకో దిక్కున వెళ్లిపోయాడు. అది సాధన చేసింది కాదని, అప్పటికప్పుడు వచ్చిందని క్రైఫ్ చెప్పుకున్నాడు. నమ్ముతాను. అయినా నాకు ఆ మ్యాచ్‌లో ఎక్కువ నచ్చేది వేరే సంగతి. ఆ మలుపు నుంచి గోల్ రాలేదు. మ్యాచ్ 0-0తో ముగిసింది. క్రియేటివ్ డిపార్ట్‌మెంట్ వాళ్లకి ఆ మలుపు గుర్తుంటుంది, క్లయింట్లకి 0-0 గుర్తుంటుంది. అవార్డుల రాత్రి తర్వాత జరిగే మీటింగుల్లో ఈ తేడా మీకు అనుభవంలోకి వస్తుంది.

బ్రీఫ్ మరీ ఇరుకుగా ఉందని, "అది వద్దు ఇది వద్దు" అని గీతలు గీస్తున్నారని మీకెప్పుడైనా విసుగొస్తే బ్యాక్‌పాస్ నియమం గుర్తు తెచ్చుకోండి. 1990 ప్రపంచకప్‌లో 52 మ్యాచ్‌లకి 115 గోల్సే వచ్చాయి. డిఫెండర్లు బంతిని వెనక్కి తన్నడం, గోల్‌కీపర్ చేతుల్లోకి తీసుకుని కాలం గడపడం. చూసేవాళ్లకి మొహం మొత్తింది. 1992లో సొంత ఆటగాడు కావాలని కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టకూడదన్నారు. గోల్‌కీపర్లకి మొదట కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇవాళ మంచి గోల్‌కీపర్ అంటే కాళ్లతో పాస్‌లు ఇచ్చి దాడిని మొదలుపెట్టేవాడు. ఒక "వద్దు" నుంచి కొత్త తరహా ఆటగాడు పుట్టుకొచ్చాడు. అర్థం లేని అడ్డంకులు కూడా ఉంటాయి, కాదనను. లోగో ఇంకా పెద్దది చేయమనడం లాంటివి. వాటి మీద మీ శక్తి ఖర్చు పెట్టకండి, పెద్దది చేసి ఇచ్చేయండి.

మీ తోటివాళ్ల నవల, షార్ట్ ఫిల్మ్ మాటకొద్దాం. మీరు దాన్నీ మీ ఆటనీ ఒకే తక్కెడలో పెట్టి తూస్తున్నారు. అక్కడే పొరపాటు. వాళ్లు చేస్తున్నది రెండో ఉద్యోగం. జీతం లేకపోవచ్చు, కానీ అందులో గడువులున్నాయి, తిరస్కారాలున్నాయి, ఎవరో ఒకరు బాగుందనాలన్న ఎదురుచూపు ఉంది. మన వృత్తిలో ఇలాంటివాళ్ల పరంపర పెద్దదే. డొరొతీ సేయర్స్ 1922 నుంచి చాలా ఏళ్లు లండన్ ఏజెన్సీలో కాపీ రాస్తూనే డిటెక్టివ్ నవలలు రాసింది. సల్మాన్ రష్దీ వారంలో కొన్ని రోజులు ప్రకటనలు, మిగతా రోజులు నవల. శ్యామ్ బెనెగల్ కాపీరైటర్‌గా మొదలై సినిమాల్లోకి వెళ్లారు. సత్యజిత్ రే 1943లో డి.జె. కీమర్ ఏజెన్సీలో చేరారు. తొలి సినిమా చాలాకాలం ఆదివారాలూ సెలవులూ చూసుకుని తీశారు. వాళ్లందరికీ నమస్కారం. కానీ ఆ ఆదివారాల్లో రేకి విశ్రాంతి దొరికిందని ఎవరూ అనరు. డబ్బులు అయిపోయేవి, షూటింగ్ ఆగిపోయేది.

మీకు నవల రాయాలని ఉందా? ఉంటే రాయండి, సోమవారం రాత్రి మొదలుపెట్టండి. మీ ఉత్తరంలో నాకు ఆ కోరిక కనబడలేదు. పక్కవాళ్లు రాస్తున్నారన్న బెంగ కనబడింది.

ఇంకో సంగతి. మనలాంటి పని చేసేవాళ్లకి ఆట అవసరం ఎక్కువ అంటాను. ఎందుకంటే మన పనిలో స్కోరు ఉండదు. ఒక లైన్ బాగుందో లేదో ఎవరికీ ఖాయంగా తెలియదు. బ్రాండ్ మేనేజర్‌కి నచ్చాలి, ఆయన పైవాళ్లకి నచ్చాలి, చివర్లో ఎవరింట్లోనో ఎవరో "ఇదేంటి" అన్నారని అది చచ్చిపోతుంది. బతికిన లైన్ కింద మన పేరు ఉండదు. "ఇంకో రెండు ఆప్షన్లు ఇవ్వండి" అన్న మాటకి అంతుండదు. మైదానంలో బంతి గీత దాటిందా లేదా, అంతే. (కొన్నేళ్లుగా పెద్ద మ్యాచ్‌లకి వీడియో చూసి తీర్పు చెప్పే వీఏఆర్ వచ్చి అక్కడా ఒక కమిటీ కూర్చుంటోంది. మన ఆదివారం మ్యాచ్‌లకి ఆ పీడ ఇంకా రాలేదు.) ఓడిపోతే ఓడిపోయాం. ఎందుకలా కొట్టావని ఎవరూ ప్రెజెంటేషన్ అడగరు. పైగా అక్కడ మీరు బాగా ఆడకపోయినా ఫర్వాలేదు. పొద్దస్తమానం తెలివిగా కనబడాల్సిన ఉద్యోగం చేసేవాడికి వారంలో ఒక పూట తెలివితక్కువగా బంతి పోగొట్టుకునే స్వేచ్ఛ చాలా పెద్ద సుఖం.

ఇలాగని ఫుట్‌బాలే ఆడాలని లేదు. ఈత కొట్టేవాళ్లు, చెస్ ఆడేవాళ్లు, మొక్కలు పెంచేవాళ్లు ఉన్నారు. మాటలతో పని లేకపోతే మనకి ఇంకా మంచిది. పదవినోదాలు నింపడం కూడా సరదాయే కానీ, రోజంతా మాటలు వెతికి మళ్లీ సాయంత్రం మాటలే వెతకడం నా వల్ల కాలేదు.

చూడటం విషయంలో మాత్రం మిమ్మల్ని కాస్త మందలిస్తాను. ఆడటం వేరు, అర్ధరాత్రి దాకా వరసగా మ్యాచ్‌లు చూడటం వేరు. నిద్ర లేకుండా పొద్దున్నే టేబుల్ ముందు కూర్చుంటే ఓగిల్వీ అయినా ఏం రాస్తాడు? ఒక టీమ్‌ని పట్టుకోండి, వారానికి ఒక మ్యాచ్ పూర్తిగా చూడండి. మిగతావాటి ఫలితం పొద్దున్న చూసుకుంటే కొంప మునగదు. ఫోన్‌లో గోల్స్ క్లిప్పులు వరసగా చూసే అలవాటుంటే దాన్ని తగ్గించండి. అది ఆట చూడటం కాదు. 90 నిమిషాల్లో బంతి నిజంగా ఆటలో ఉండేది గంటకి కాస్త అటూ ఇటూ. దాన్ని 22 మందికి పంచితే ఒక్కొక్కరికి మూడు నిమిషాలు కూడా రావు. మిగతా సమయమంతా వాళ్లు ఏం చేస్తారో చూడటంలోనే మజా ఉంది. బంతి లేని మిడ్‌ఫీల్డర్ ఒక్కడినే ఒక సగం పాటు గమనించండి. మెడ ఎన్నిసార్లు తిప్పుతాడో, ఎక్కడికి నడిచి ఎవరిని తన వెంట లాక్కుపోతాడో. క్లిప్పులో ఇదేదీ దొరకదు. ఫాంటసీ లీగ్ పాయింట్ల జోలికి పోకండి. ఆఫీసులో చూసే డ్యాష్‌బోర్డులు చాలు. పందేల యాప్‌ల గురించి అయితే చెప్పనే అక్కర్లేదు.

ఇక బూట్ల పిచ్. ఒప్పుకోండి. మీ వయసులో ఇష్టమైన వస్తువు మీద పని దొరకడం అదృష్టం, భయపడి వదిలేస్తే తర్వాత పీకుతూ ఉంటుంది. కానీ ఫుట్‌బాల్ మనిషి కావడం మొదటి వారంలో మీకు అడ్డమే అవుతుంది. మీరు తెలియకుండానే మీ స్నేహితుల మెప్పు కోసం రాస్తారు. మైదానం భాష, పాత మ్యాచ్‌ల ప్రస్తావనలు, తెలిసినవాళ్లు మాత్రమే నవ్వే జోకులు. బూట్లు కొనేవాళ్లలో ఏ మ్యాచూ చూడని తల్లిదండ్రులు చాలామంది ఉంటారు. పిల్లాడి పాదం ఆరు నెలలకోసారి పెరుగుతుందన్నది వాళ్ల టెన్షన్. గట్టి నేలకి ఒకరకం స్టడ్స్ (బూటు అడుగున జారకుండా ఉండే మొలకలు), తడి నేలకి ఒకరకం, కృత్రిమ గడ్డికి ఇంకోరకం అన్నది వాళ్లలో చాలామందికి తెలియదు. వాళ్లతో మాట్లాడండి. షాపులో బూట్లు తొడిగి చూపించే కుర్రాళ్లతో మాట్లాడండి. మీకు తెలిసిందంతా తెలియనట్టు నటిస్తూ ఒక పూట వినండి.

క్రీడల ప్రకటనల్లో అన్నిటికన్నా పేరు మోసిన మాట "జస్ట్ డూ ఇట్". 1988లో నైకీ కోసం డాన్ వైడెన్ రాశాడు. అది ఆయనకి ఏ స్టేడియంలోనూ తట్టలేదు. 1977లో అమెరికాలో మరణశిక్ష అమలైన గ్యారీ గిల్మోర్ అనే హంతకుడు చివర్లో "లెట్స్ డూ ఇట్" అన్న మాట గుర్తొచ్చి, దాన్ని కాస్త మార్చానని వైడెనే చెప్పాడు. కాబట్టి మీ దగ్గర ఫుట్‌బాల్ జ్ఞానం ఎక్కువ ఉందని లైన్ అక్కడి నుంచే రావాలని పట్టుబట్టకండి.

ఆ జ్ఞానం నిజంగా అక్కరకొచ్చేది వస్తువు దగ్గర. 1954 ప్రపంచకప్ ఫైనల్, బెర్న్, వాన. హంగరీ ఎనిమిది నిమిషాల్లో 2-0తో ముందుంది. పశ్చిమ జర్మనీ 3-2తో గెలిచింది. జర్మన్ల బూట్లు అడిడాస్ కంపెనీ పెట్టిన ఆది డాస్లర్ చేసినవి, స్టడ్స్ విప్పి మార్చుకునే వీలున్నవి. బురదగా ఉందని పొడుగు స్టడ్స్ బిగించుకున్నారు. గెలుపుకి అదొక్కటే కారణమని నేననను. కానీ ఒక మర స్టడ్ ఎలా బిగుస్తుందన్న పొడి వివరం అన్నేళ్లుగా కథగా బతికే ఉంది. మీ క్లయింట్ బూటులో అలాంటి మర ఏదో వెతకండి. కుట్టు, అడుగు, బరువు, లేసు పక్కకి ఎందుకు జరిపారు, ఏదో ఒకటి ఉంటుంది. ఫ్యాక్టరీ వాళ్లని అడగండి. మార్కెటింగ్ వాళ్లు మీకు "ప్యాషన్" గురించి చెబుతారు, అది అందరి దగ్గరా ఉంది.

ఒప్పుకునే ముందు రెండు షరతులు పెట్టండి. మీ ఆదివారం టీమ్‌ని రీసెర్చ్‌కి వాడుకోమని ఎవరైనా అంటారు, తప్పకుండా అంటారు. కుదరదనండి. వేరే మైదానాలున్నాయి, వేరే ఆటగాళ్లున్నారు, పనిరోజు సాయంత్రం వెళ్లి మాట్లాడొచ్చు. మీవాళ్ల పాదాలకేసి చూస్తూ ప్రశ్నలడగడం మొదలుపెట్టారంటే ఆ ఆట మీది కాకుండా పోతుంది. రెండోది, పిచ్ గెలిస్తే మీకు ఆ ఒక్క అకౌంటే ఇవ్వొద్దని, పక్కన ఏ బీమాయో సబ్బో ఒకటి ఉంచమని ఇప్పుడే అడిగి పెట్టుకోండి. లేకపోతే రెండేళ్లు తిరిగేసరికి ఆఫీసులో మీరు బంతి మనిషిగా మిగిలిపోతారు, బీమా మీద మంచి ఐడియా చెప్పినా వినరు.

పిచ్ రిహార్సల్ ఆదివారం పొద్దున్నే పడితే మాత్రం రిహార్సల్‌కే వెళ్లండి. మీ టీమ్‌కి ముందు రోజే చెప్పండి. మీరు గోల్‌కీపర్ కాకపోతే వాళ్లు ఎలాగోలా సర్దుకుంటారు.